సామెతలు ఏరిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు

కార్ దొర కూర్చిన తెలుగు సామెతల సంపుటము 1868లో చెన్నపట్టణమున వెలువడినది. ఇంగ్లండులో ఇట్టి పనిని దాదాపు రెండువందల ఏండ్ల ముందే చేసినవాడు జాన్ రే. ఆయనను లోకము ఎరుగుట మాత్రము ప్రకృతి శాస్త్రజ్ఞుడుగానే.

రే 1627లో ఎసెక్సు మండలమందలి బ్లాక్ నాట్లీ గ్రామమున ఒక కమ్మరి యింట జన్మించెను. తల్లికి మూలికావైద్యము తెలియును. కేంబ్రిడ్జిలో చదివి, ట్రినిటీ కళాశాలలో గ్రీకు భాషను, గణితమును బోధించెను. ఆ పట్టణపు పరిసరములందలి మొక్కలను గూర్చి 1660లో ఒక గ్రంథము ప్రకటించెను.

1662లో గడ్డుకాలము వచ్చినది. అంతర్యుద్ధకాలమున జనులు చేసిన మతప్రమాణము ఎవరినీ కట్టుపరుపదని అధ్యాపకులెల్లరు ఒప్పుకొనవలెనని ప్రభుత్వము శాసించెను. రే ఆ ప్రమాణము చేసినవాడే కాడు. అయినను, చేసినవారికి అది చెల్లదని పలుకుటకు ఆయన మనస్సు అంగీకరింపలేదు. ముప్పదియైదవ యేట కొలువు వదలుకొనెను. ఉపాధ్యాయునకు కొలువు పోవుట యెట్టిదో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

శిష్యుడును మిత్రుడునైన ఫ్రాన్సిస్ విల్లుబీ ఆదుకొనెను. ఇరువురును ఐరోపా ఖండమున సంచరించిరి. స్వదేశమున మొక్కలకై ఊరూర తిరుగుచు రే పల్లెజనుల పలుకులను గూడ ఏరుకొనెను. మిత్రులు మరికొన్ని పంపిరి. ఆ సామెతల సంపుటము 1670లో కేంబ్రిడ్జిలో అచ్చయ్యెను. ఆరోగ్యము, సేద్యము, వానలు మున్నగు విషయములను బట్టి కొన్నింటిని, పుట్టిన మండలములను బట్టి కొన్నింటిని వేరుపరచి, అర్థము మరుగైనవానికి వివరణ వ్రాసెను. మొక్కలను తెగలుగా విభజించిన చూపే ఇచటను కనబడుచున్నది. 1674లో మాండలిక పదములను గూడ సంపుటీకరించెను.

1672లో విల్లుబీ ముప్పదియారేండ్లకే మరణించెను. అసంపూర్ణమైన పక్షిశాస్త్రమును రే పూర్తిచేసి, మిత్రుని పేరనే 1676లో ప్రకటించెను. మిత్రుడు వ్రాసియిచ్చిన ఏటికి 60 పౌనులే ఆయనకు జీవనాధారము. 1679లో స్వగ్రామము చేరి, కాళ్ల పుండ్లతో బాధపడుచునే మూడు సంపుటముల వృక్షచరిత్రను 1704 నాటికి ముగించెను. సుమారు 18,000 మొక్కలు అందు కలవు. 1705లో కన్నుమూసెను.

ఆయన పక్షిగ్రంథమొకటి 1713లో వెలువడినది. చెన్నపట్టణపు కోటలోని వైద్యుడు బక్లీ పంపిన పక్షుల చిత్రములు దాని చివర చేరినవి. అందొక పక్షికి పొన్నంగి పిట్ట యను తెలుగు పేరున్నది. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియెయో ఆ జాతికి పిట్ట యనియే నామకరణము చేసెను. వైరా చెరువుగట్టున, భద్రాచలపు అడవి అంచున పసివాడు పలుకు మాటయే నేడు ప్రపంచమందలి పక్షిశాస్త్ర గ్రంథములన్నిటను ఉన్నది.