పాప్ గేట్స్‌కు దక్కని లీగు

నాతవరంలో పిల్లలతో మెరిట్ మాటొస్తే మేం పాప్ గేట్స్ కథ చెబుతాం. 1917లో అలబామాలో పుట్టి, న్యూయార్క్ హార్లెంలో పెరిగిన నల్లజాతి బాస్కెట్‌బాల్ గార్డు. 1938లో రెనసాన్స్ జట్టులో చేరారు. అందరూ నల్లవాళ్లే, డాన్స్ హాలే కోర్టు. మరుసటి ఏడాదే షికాగోలో తెల్లవాళ్ల ఓష్‌కోష్ జట్టును ఓడించి ప్రపంచ ప్రొఫెషనల్ టోర్నీ గెలిచారు. ఇంకేం మెరిట్ కావాలి?

లీగులోకి రానిచ్చింది మాత్రం 1946లో. ఓ మ్యాచ్‌లో తెల్ల ఆటగాడితో కొట్లాట జరిగింది. తర్వాతి సీజన్‌లో చోటు లేదు. 1948లో ఆయన జట్టే డేటన్ పేరుతో లీగుకెక్కింది. ఆటగాడూ ఆయనే, కోచూ ఆయనే. 1949లో రెండు లీగులు కలిసి ఎన్‌బీఏ అయ్యాయి, డేటన్‌ను వదిలేసి. 1950లో ఎన్‌బీఏ నల్లవాళ్లను తీసుకునేసరికి గేట్స్‌కు 33 ఏళ్లు. హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం 1989లో వచ్చింది.