నేలను అడిగిన మనిషి: కార్ల్ టెర్జాగీ

సివిల్ ఇంజనీరింగు చదివే ప్రతి విద్యార్థికీ ఒక పేరు తప్పకుండా ఎదురవుతుంది. దాన్ని ఒక సమీకరణంగా బట్టీపట్టి, పరీక్షలో రాసి, పాసై మరచిపోతాం. ఆ పేరు కార్ల్ టెర్జాగీ. ఆ సమీకరణం వెనక ఉన్న మనిషి మీద నాకు ఆసక్తి కలగడానికి మా రెంటచింతలే కారణం.

ఎండలకు పేరుపడ్డ ఊరు మాది. మా పల్నాటి నేల ఒక్క తీరున ఉండదు. ఒకచోట నాలుగు గునపం పోట్లకే నాపరాతి చట్టు తగులుతుంది. ఆ పక్కనే నల్లరేగడి. ఎండకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బుతుంది. ఒకే మేస్త్రి ఒకే ఏడాది గోడ కలిపి కట్టిన రెండిళ్లలో చట్టు మీది ఇల్లు నిక్షేపంగా ఉంటుంది, రేగడి మీది ఇల్లు బీటలిస్తుంది. ఇక తగవు మొదలు. పక్కవాడి గోడ వల్లేనని ఒకరు, మేస్త్రి సిమెంటు తిన్నాడని మరొకరు. పునాది కింద ఏముందో అడిగేవాళ్లు తక్కువ. అలా అడగడాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టినవారు టెర్జాగీ.

ఆయన 1883 అక్టోబరు 2న ప్రాగ్ నగరంలో, ఒక సైనికాధికారి ఇంట జన్మించారు. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మెకానికల్ ఇంజనీరింగు చదివి 1904లో పట్టా పొందారు. నిర్మాణ పనుల్లోకి దిగాక ఒక విడ్డూరం ఆయన కంటబడింది. ఇనుముకీ కాంక్రీటుకీ అంగుళాలతో సహా లెక్కలున్నాయి. వాటన్నిటినీ మోసే మట్టికి మాత్రం అనుభవమూ అంచనా తప్ప లెక్క లేదు. 1912లో అమెరికా వెళ్లి, రెండేళ్లపాటు ఆనకట్టల పనులు చూస్తూ వివరాలు పోగుచేశారు. చివరికి నిరాశే మిగిలింది. బంకమట్టి అని ఒకే పేరు పెట్టిన రెండు నేలలు రెండు రకాలుగా ప్రవర్తిస్తుంటే, పేర్ల జాబితా దేనికి పనికొస్తుంది? మట్టిని కొలవాలని అప్పుడు తేలింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1916లో, ఇస్తాంబుల్‌లో బోధనకు వెళ్లారు. యుద్ధంలో ఓటమితో ఆ ఉద్యోగం పోయింది. అదే ఊళ్లోని రాబర్ట్ కాలేజీలో చేరి, సిగార్ పెట్టెలు, పారేసిన సామాన్లతో ప్రయోగశాల కట్టుకున్నారు. పరికరాలు లేవని ప్రాజెక్టు వాయిదా వేసే మనం ఈ మాట గుర్తుంచుకోవాలి.

అక్కడ తేలిన సంగతి ఇది. నీటితో నిండిన బంకమట్టి మీద బరువు పడితే, మొదట ఆ బరువును మట్టి రేణువులు కాదు, వాటి మధ్యనున్న నీరు మోస్తుంది. తడిబట్టను మెల్లగా పిండినట్టు ఆ నీరు బయటికి పోయేకొద్దీ భారం రేణువుల మీదికి దిగుతుంది, నేల కుంగుతుంది. దీనికి ఏళ్లు పట్టవచ్చు. 1923లో దీన్ని గణితంలో పెట్టారు. 1925లో వియన్నాలో వెలువడిన పుస్తకంతో మృత్తికా యాంత్రిక శాస్త్రం పుట్టింది.

ఆ ఏడే అమెరికాలోని ఎం.ఐ.టి. ఆహ్వానించింది. 1929లో వియన్నాకు తిరిగి వచ్చారు. 1936లో హార్వర్డ్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ సభకు అధ్యక్షులై, ఆ సంస్థకు 1957 దాకా అధ్యక్షులుగా ఉన్నారు. కీర్తితోపాటు కష్టమూ వచ్చింది. వియన్నాలో సాటి ఆచార్యుడు పాల్ ఫిలుంగర్ ఆయన సిద్ధాంతాన్ని బహిరంగంగా దుయ్యబట్టారు. విచారణ సంఘం టెర్జాగీ పక్షాన నిలిచింది. 1937లో ఫిలుంగర్ దంపతులు ఆత్మహత్య చేసుకున్నారు. శాస్త్ర చర్చ వైరంగా మారితే ఎంత నష్టమో చెప్పే విషాదమిది. 1938లో టెర్జాగీ అమెరికా చేరి, హార్వర్డ్‌లో స్థిరపడ్డారు.

ఇల్లు మొత్తం సమంగా కుంగితే గోడకు పెద్ద ప్రమాదం లేదు. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ కుంగితేనే ముప్పు. ఆయన బాటలో నడిచిన స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ దాదాపు నూరు భవనాలను పరిశీలించి 1956లో ఒక హద్దు చెప్పారు. పొడవులో 300వ వంతు తేడా వస్తే గోడలు బీటలిస్తాయి. అంటే మూడు మీటర్ల నిడివిలో ఒక్క సెంటీమీటరు చాలు! రాయి మీదా రేగడి మీదా ఒకే గోడ నిలిపితే ఆ సెంటీమీటరు రావడం ఎంతసేపు?

మన రేగడి ఉబ్బడమూ ముడుచుకోవడమూ ఆయన లెక్కగట్టిన కుంగుబాటు ఒకటి కాదు. అయినా రెండింటిలోనూ కీలకం నీరే. అందుకే నేల మారిన చోట రెండు కట్టడాలనూ పునాది నుంచి కప్పు దాకా సందు వదిలి విడదీయాలి. రేగడిలో పునాదిని ఎండా వానా తాకని లోతుకు దించాలి. రూర్కీ పరిశోధనశాల ప్రచారంలోకి తెచ్చిన, అడుగున ఉబ్బెత్తు గల పైళ్లు ఇందుకే. చూరు నీరు గోడ వారన నిలవనీయకూడదు. మాచర్ల దాటి నాగార్జునసాగర్ చూడండి. నడుమ రాతి ఆనకట్ట, ఇరువైపులా మట్టికట్టలు. రెండూ ఒకేలా కుంగవు. అవి కలిసే చోటే ఇంజనీరుకు అసలు పరీక్ష.

టెర్జాగీ 1963 అక్టోబరు 25న, ఎనభయ్యో ఏట కన్నుమూశారు. కెనడాలో మెత్తటి బంకమట్టి పొర ఉన్న చోట ఆయన రూపొందించిన మిషన్ ఆనకట్టకు 1965లో ఆయన పేరే పెట్టారు. లెక్క కట్టి ఊరుకోకుండా, కట్టేటప్పుడూ కట్టాకా నేలను గమనిస్తూ అవసరమైతే ప్లానును మార్చుకోవడం ఆయన పద్ధతి.

మిత్రులారా, రేపు మనం ప్లాన్ల మీద సంతకాలు పెడతాం. పెట్టేముందు స్థలానికి ఒక మూల కాదు, నాలుగు మూలలా గుంటలు తీయించి చూద్దాం. గుంటలకు అయ్యే కూలి కొంచెమే. అది మిగుల్చుకోబోతే ఒక ఇల్లూ, రెండు కుటుంబాల పొరుగు స్నేహమూ పోతాయి.