సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు

మగ్గము నెరిగిన మన యూరివారు ఈ మహనీయుని చరిత్రము నెరుగదగును. పిట్టి త్యాగరాయ శెట్టిగారు 1852లో తెలుగు దేవాంగుల యింట జన్మించిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టము పొందియు ఉద్యోగమును కోరక, నేతశాలను, తోళ్ల వర్తకమును వృద్ధిచేసిరి. 1909లో దక్షిణ భారత వర్తక మండలికి తొలి అధ్యక్షులైరి. నగర కార్పొరేషనులో నలువదియేండ్లు సభ్యులు. వారు దానికి అధ్యక్షులై యుండగా, 1920లో ఒక పాఠశాలలో పేదబిడ్డలకు మధ్యాహ్నభోజనము పెట్టించిరి.

1916లో, కార్పొరేషనులో తమకు ప్రత్యర్థియైన డాక్టరు టి. యం. నాయరుగారితో చేతులు కలిపి బ్రాహ్మణేతరుల కక్షిని స్థాపించిరి. వర్తకుని బుద్ధి యిచటనే కనబడును. ఉపన్యాసములతో తృప్తిపడక, వాటాలు కూర్చి కంపెనీ పెట్టి, ఇంగ్లీషున 'జస్టిస్', అరవమున 'ద్రావిడన్', తెలుగున 'ఆంధ్రప్రకాశిక' పత్రికలను నడిపించిరి. ఆ యింగ్లీషు పత్రిక పేరే కక్షికి నిలిచెను.

1920 ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించెను. జస్టిస్ కక్షికి 98 స్థానములలో 63 దక్కెను. మంత్రివర్గమును కూర్చుమని గవర్నరు పిలువగా, శెట్టిగారు పదవి నొల్లరైరి. సుబ్బరాయలు రెడ్డియారుగారు, పిదప 1921లో పానుగల్ రాజావారు ముఖ్యమంత్రులైరి. అయితే పదవిని విడిచిరే గాని పెత్తనమును విడువలేదు. దుకాణపు తాళపుచెవులు వారి మొలలోనే యుండెను. కక్షిలో ఏకనాయకత్వము చెల్లుచున్నదని కట్టమంచి రామలింగారెడ్డిగారు వేరుపడి, 1923లో అవిశ్వాస తీర్మానము తెచ్చిరి. 44కు 65 వోట్లతో అది వీగిపోయెను. ఆరోపణ మాత్రము నిరాధారమని చెప్పజాలము.

శెట్టిగారు 1925లో కాలధర్మము నొందిరి. మరుసటియేటి ఎన్నికలలో కక్షి యోడెను. చెన్నపట్టణమున త్యాగరాయనగరము వారి పేరిటిదే. అందలి యుద్యానవనమునకు పానుగల్ రాజావారి పేరు.