దేహంలోని మంటను వెదకిన యల్లాప్రగడ సుబ్బారావు

జీవక్రియ అనే మాట ఇప్పుడు మన ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల చిన్న చిన్న ఊళ్ళలో కూడా వినబడుతోంది. దానిని వేగవంతం చేస్తామని, కూర్చున్నచోటనే కొవ్వు కరిగిపోతుందని చెప్పి పొడులు, బిళ్ళలు అమ్ముతున్నారు. నమాజు ముగిశాక యువకులు మమ్మల్ని వాటి సంగతి అడుగుతుంటారు. మేము వైద్యులం కాము. అయితే అడిగిన వారికి ఒక తెలుగు వ్యక్తి జీవితం చెబుతుంటాము. తిన్న అన్నం శరీరంలో శక్తిగా ఎలా మారుతుందో లోకానికి తెలియజేసిన వారిలో ఆయన ముందు వరుసలోని మనిషి. భద్రాచలం దాటిన గోదావరి పాపికొండల నడుమ నుంచి దిగి రాజమండ్రి చేరుతుంది. ఆయన బాల్యంలో చదువుకున్నది ఆ రాజమండ్రిలోనే.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం మానుకున్నారు. ఇంట్లో పేదరికం. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని పిల్లవాడు ఇల్లు విడిచి పారిపోతే, తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించి బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. సన్యాసం తీసుకుంటానన్నా ఆ తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళడం ఆంగ్లేయ ఆచార్యునికి నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికొచ్చింది.

ఆయన బ్రతుకును మలుపు తిప్పింది ఒక వ్యాధి. దానిని మన పెద్దలు గ్రహణి అంటారు, ఆంగ్ల వైద్యులు స్ప్రూ అంటారు. ఇది సోకిన మనిషి తింటాడు, కాని తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, నోటి పూత, రక్తహీనత. కంచంలో అన్నం ఉంటుంది, శరీరం మాత్రం ఆకలితో ఎండిపోతుంది. ఈ వ్యాధి ఎనిమిది రోజుల వ్యవధిలో ఆయన సోదరులు ఇద్దరినీ పొట్టన బెట్టుకుంది. తర్వాత ఆయనకే సోకింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు కూడా చెప్పారు. తిన్న ఆహారం దేహంలో ఏమవుతుందన్న ప్రశ్న ఆయనకు పుస్తకంలో ఎదురైనది కాదు, తన ఇంటి శవాల ప్రక్కన ఎదురైనది.

1919లో ఆయనకు శేషగిరితో వివాహమైంది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆసరాగా నిలవగా 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరుకున్నారు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల పాత్రలు కడిగే పని. శేషగిరి గర్భవతిగా ఇక్కడే ఉండిపోయింది. పుట్టిన మగబిడ్డ పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనేలేదు.

హార్వర్డులో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పనిచేస్తూ 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రయోగశాలల్లో స్థిరపడింది. ఆ కొలబద్దతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. కండరం పనిచేసేటప్పుడు అది తరుగుతుంది, విశ్రాంతిలో తిరిగి నిండుతుంది. ఆపై 1929లో ఎ.టి.పి. అదే కాలంలో జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా దానిని విడిగా కనుగొన్నారు. కండరాన్ని లాక్టిక్ ఆమ్లమే నడిపిస్తుందని అప్పటిదాకా ఉన్న సిద్ధాంతానికి 1922 నాటి నోబెల్ బహుమతి గౌరవం ఉండేది. ఈ పరిశోధనలతో అది నిలవలేకపోయింది.

ఎ.టి.పి.ని చిల్లర నాణెం అనుకోండి. జొన్నరొట్టె, పప్పు, నూనె పెద్ద నోట్లు. కండరం, మెదడు, గుండె పెద్ద నోటు తీసుకోవు, చిల్లరే అడుగుతాయి. ఈ చిల్లర శరీరంలో ఎప్పుడూ కొద్దిగానే ఉంటుంది. కాని క్షణక్షణం ఖర్చవుతూ, క్షణక్షణం తయారవుతూ, రోజు మొత్తానికి మన ఒంటి బరువుకు దగ్గరగా లెక్క తేలుతుంది. యునానీ హకీములు హరారతె గరీజీ అని, అంటే సహజ ఉష్ణమని, దేహంలో ఒక నిప్పును గుర్తించారు. అది ఎక్కడ ఎలా మండుతుందో చూపే పరికరాలు వారి వద్ద లేవు.

ఇక పొడుల సంగతి. సుబ్బారావు అమెరికాలో ఉన్న రోజుల్లోనే, 1933 నుంచి, డైనైట్రోఫినాల్ అనే రసాయనాన్ని బరువు తగ్గించే మందుగా అక్కడ విరివిగా అమ్మారు. అది జీవక్రియను నిజంగానే పెంచుతుంది. ఎలాగంటే, ఆహారం మండుతుంది గాని ఎ.టి.పి. సరిగా తయారుకాదు. మంట అంతా వేడిగా పోతుంది. మనుషులు జ్వరం వచ్చినట్లు కాలిపోయారు, కొందరికి కళ్ళలో శుక్లాలు వచ్చాయి, కొందరు మరణించారు. 1938లో అక్కడి ప్రభుత్వం అది మనిషి తినదగినది కాదని తేల్చింది. బిళ్ళ మింగి కూర్చున్నచోటనే కొవ్వు కరిగించాలనుకునే వారికి ఇంతకంటే స్పష్టంగా చెప్పడం మాకు చేతకాదు.

మంటను క్షేమంగా పెంచే చోటు కండరం. వేసవిలో తెల్లవారకముందే తునికాకు కోతకు అడవికి నడిచే కోయ స్త్రీలను చూడండి. వారికి ఈ పొడుల పేరు తెలియదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా కండరం కొవ్వుకంటే ఎక్కువ ఖర్చు చేస్తుంది. ఆ కండ నిలవాలంటే పప్పు, గుడ్డు, చేప, మాంసం మితంగా కావాలి, నడక కావాలి, బరువు పని కావాలి, నిద్ర కావాలి. పూర్తిగా పస్తులుండి బరువు తగ్గించుకోబోతే శరీరం తన ఖర్చును తగ్గించుకొని కండనే కరిగించుకుంటుంది. కడుపులో మూడో వంతే ఆహారానికి ఇవ్వాలన్న దైవప్రవక్త (స) బోధను రమజాను ఇఫ్తారులో మిర్చీబజ్జీల పళ్ళెం ముందు మనం ఎందుకో మరచిపోతాము.

హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు సమీపంలోని లెడర్లే ప్రయోగశాలలకు వెళ్ళారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి ప్రకటించింది. ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి దానికి ఆ పేరు వచ్చింది. పాలకూర నుంచి దానిని వేరుచేసినవారు ఆ పేరు పెట్టారు. ఆయన సోదరులను మింగిన గ్రహణికి ఈ ఆమ్లమే మందుగా పనిచేస్తుందని ఆ వెంటనే రుజువైంది. ఫోలిక్ ఆమ్లం కొరవడితే రక్తకణాలు సరిగా ఏర్పడవు. రక్తం పలచబడితే ప్రాణవాయువు అందదు, ఇక మంట ఎలా మండుతుంది? తోటకూర, గోంగూర, మునగాకు, పెసలు, శనగలు మనకు అందుబాటులోనే ఉన్నాయి. ఆకును మరీ ఉడికించి ఆ నీటిని పారబోయకండి, ఆ పోషకం నీటితోబాటే పోతుంది. మన ఇండ్లలో భోజనం కాగానే చాయ్ తాగే అలవాటొకటి ఉంది. అది ఆహారంలోని ఇనుమును ఒంటబట్టనీయదు. గంటసేపు ఆగితే నష్టమేమీ లేదు.

ఆయన బృందం 1947లో ఫైలేరియాకు హెట్రజాన్ ఇచ్చింది. బోదకాలు నివారణకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చే డి.ఇ.సి. బిళ్ళ అదే. అక్కడ తయారైన అమినాప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు చికిత్స చేసి 1948లో ఫలితాలు వెల్లడించారు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడింది కూడా ఆ ఏడాదే.

ఆ 1948 ఆగస్టులోనే, ఒక రాత్రి నిద్రలో గుండె ఆగి సుబ్బారావు మరణించారు. వయస్సు 53. స్వదేశానికి తిరిగి రాలేదు, అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. ఆయన కోసం ఎదురుచూసిన శేషగిరి ఆయనను మళ్ళీ చూడలేదు. 1995లో భారత తపాలా శాఖ ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

భద్రాచలం ఏజెన్సీలోని గిరిజనుల్లో సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉంది. అది ఉన్నవారి రక్తకణాలు త్వరగా నశిస్తాయి, కొత్తవి తయారవడానికి ఫోలిక్ ఆమ్లం రోజూ కావాలి. ఆశా కార్యకర్త గూడేనికి తెచ్చి గర్భిణుల చేతిలో పెట్టే ఇనుము బిళ్ళలో కూడా అదే ఉంటుంది. ఆ బిళ్ళలు ఎవరి ఇంట్లోనైనా వాడకుండా పడివుంటే తీసి, వైద్యుడు చెప్పినట్లు వాడించండి.