యల్లాప్రగడ సుబ్బారావు

భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. బాల్యమున ఆయనకు చదువుపై మనసు నిలువలేదు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పోగా, తల్లి వెంకమ్మ వెదకించి వెనుకకు రప్పించెను. మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ పర్యాయమునగాని ఉత్తీర్ణుడు కాలేదు. అట్టివాడు చెన్నపట్టణమున వైద్యవిద్య నభ్యసించెను.

సోదరులిద్దరు కొలది దినముల వ్యవధిలో సంగ్రహణి వ్యాధిచే మరణించిరి. ఆ దుఃఖము ఆయనను పరిశోధనవైపు మరల్చెను. మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు ధనసహాయము చేయగా, భార్య శేషగిరిని ఇంట విడిచి, 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరము చేరెను. చేతిలో పైకము చాలక రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేసెను.

అది వినాళగ్రంథుల రహస్యములు వెలువడుచున్న కాలము. ఈ గ్రంథులు తమ రసములను నాళములద్వారా గాక నేరుగా రక్తములోనికి విడుచును. ఆ రసములే హార్మోనులు. క్లోమమునుండి తీసిన ఇన్సులిను మధుమేహరోగికి తొలిసారి ఇయ్యబడినది ఆ 1922వ సంవత్సరముననే. కంఠమునందలి అవటుగ్రంథి వెనుక గోధుమగింజలవంటి నాలుగు చిన్న గ్రంథులు కలవు. వాని హార్మోను రక్తమున కాల్షియమును పెంచి, భాస్వరమును తగ్గించును. అది మితి తప్పినయెడల ఎముకలు పెళుసగును. కాని కొలువనిదే ఎంత తగ్గినదో ఎట్లు తెలియును? హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కెతో గూడి, రక్తమునందలి భాస్వరమును నీలవర్ణపు గాఢతనుబట్టి కొలుచు సులభపద్ధతిని సుబ్బారావు 1925లో ప్రకటించెను. అది నేటికిని ఇద్దరి పేరిటనే ప్రసిద్ధము.

ఆ కొలతయే వారిని కండరములలోనికి నడిపించెను. అచ్చట భాస్వరము గలిగిన రెండు పదార్థములు దొరకినవి. 1927లో ఫాస్ఫోక్రియాటిను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా ఏ.టి.పి. రెండవదానిని అదే యేట జర్మనీలో లోమను కూడ కనుగొనెను. జీవకణము చేయు ప్రతి పనికిని చెల్లించు నాణెమిది.

దారిలో పాము కనబడినపుడు మూత్రపిండములపైనున్న గ్రంథులు అడ్రినలిను విడుచును. ఆ హార్మోను కాలేయకణము లోపలికి పోదు. వాకిట నిలిచి తట్టును. లోపలనున్న ఏ.టి.పి. రూపుమారి ఆ వార్తను మోయగా, నిలువయున్న పిండిపదార్థము చక్కెరయై రక్తములోనికి వచ్చును. కాళ్లకు పరుగెత్తు బలము వచ్చును. ఈ సంగతిని సదర్లాండు 1950వ దశకమున తెలిసికొని, 1971లో నోబెలు బహుమానము పొందెను. అప్పటికి సుబ్బారావు లేడు.

హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగ మీయలేదు. 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరెను. అచ్చటి ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను బలిగొన్న సంగ్రహణికి అది మందైనది. కోనసీమవంటి తేమనేలలను పీడించిన బోదకాలు వ్యాధికి డైఇథైల్ కార్బమజీనును వెలువరించినది కూడ ఆ బృందమే.

1948 ఆగస్టులో న్యూయార్కునందు నిద్రలోనే హృదయమాగి ఆయన మరణించెను. ఇరువదియారేండ్లలో ఒక్కసారియైనను స్వదేశమునకు రాలేదు. శేషగిరి ఆయనను మరల చూడలేదు.