కాలిపర్ బూటు విప్పి పరిగెత్తిన విల్మా రుడాల్ఫ్

మన హాస్టల్‌లో పి.టి. ఉష పేరు అందరికీ తెలుసు. విల్మా రుడాల్ఫ్ పేరు మాత్రం ఎక్కువమందికి తెలీదు. ఈమెది అమెరికా దేశం. చిన్నప్పుడు పోలియో వచ్చి నడవలేకపోయింది. ఇరవై ఏళ్ళకి ప్రపంచంలో ఆడవాళ్ళందరికంటే వేగంగా పరిగెత్తింది. ఈమె జీవితం గురించి నాకు తెలిసింది రాస్తున్నాను, చదవండి.

విల్మా 1940 జూన్ 23న టెన్నెస్సీ రాష్ట్రంలో, క్లార్క్స్‌విల్ అనే ఊరి దగ్గర పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టింది. పుట్టినప్పుడు బరువు రెండు కేజీలే. వాళ్ళ నాన్న ఎడ్ గారు రైల్వేలో పోర్టరు పని, ఇంకా దొరికిన పనులు చేసేవారు. వాళ్ళమ్మ బ్లాంచ్ గారు తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పాచిపని చేసేవారు. నాన్నగారికి రెండు పెళ్ళిళ్ళు. మొత్తం పిల్లలు 22 మంది! విల్మా ఇరవయ్యోది. మా ఊళ్ళో కూడా పెద్ద కుటుంబాలు ఉన్నాయి గాని ఇంతమంది పిల్లలున్న ఇల్లు నేను వినలేదు.

విల్మాకి చిన్నప్పటి నుంచి జబ్బులే. న్యుమోనియా వచ్చింది, స్కార్లెట్ జ్వరం వచ్చింది, తర్వాత పోలియో వచ్చింది. పోలియో పురుగు నోట్లోంచి కడుపులోకి వెళ్ళి, అక్కడి నుంచి నరాల్లోకి పోతుంది. కండని కదిలించే నరం చచ్చిపోతే ఆ కండ ఎండిపోతుంది. విల్మాకి ఎడమ కాలు అలాగే చచ్చుబడింది. అప్పటికి పోలియో టీకా లేదు. అది 1955లో వచ్చింది. జబ్బు వచ్చాక తగ్గించే మందు ఇప్పటికీ లేదు. మన దేశంలో అయితే చుక్కలు వేసి వేసి 2011 తర్వాత పోలియో లేకుండా చేశారు.

వాళ్ళు నల్లజాతివాళ్ళు. ఆ రోజుల్లో అక్కడ నల్లవాళ్ళకి బడి వేరు, ఆసుపత్రి వేరు, బస్సులో వెనక సీట్లే. విల్మా కాలు చూపించడానికి వాళ్ళమ్మ నాష్‌విల్‌లోని మెహారీ ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు. 50 మైళ్ళు, అంటే 80 కిలోమీటర్లు. మారేడుమిల్లి నుంచి రాజమండ్రి వెళ్ళినంత దూరం అనుకోండి. వారం వారం వెళ్ళారు. అలా రెండేళ్ళు! మా ఊళ్ళో ఒక తాతకి చిన్నప్పుడే కాలు పడిపోయిందంట. రెండుసార్లు చూపించి, దూరం అనీ కూలి పోతుందనీ మానేశారంట. ఆయన ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తాడు. వాళ్ళవాళ్ళది తప్పని నేను అనను. తిండికే లేనప్పుడు బస్సుకి ఎక్కడి నుంచి తెస్తారు? కానీ బ్లాంచ్ గారి ఇంట్లోనూ డబ్బు లేదు కదా. అందుకే ఈ సంగతి చదివినప్పుడు నాకు ఆమె మీదే ఎక్కువ గౌరవం కలిగింది.

ఆసుపత్రిలో కాలు ఎలా మర్దనా చెయ్యాలో నేర్పారు. అమ్మ ఒక్కతే చెయ్యలేదు కాబట్టి ఇంట్లో అన్నలకీ అక్కలకీ నేర్పింది. రోజుకి నాలుగుసార్లు ఎవరో ఒకరు ఆ కాలు పట్టుకుని పిసికేవారు. మర్దనా చేస్తే చచ్చిన నరం బతకదు గాని, మిగిలిన కండ బిగుసుకుపోకుండా ఉంటుంది. పిల్లలు ఎక్కువమంది ఉంటే కష్టం అంటారు, ఇక్కడ మాత్రం అదే మేలయ్యింది!

జబ్బు వల్ల విల్మా బడికి కూడా ఆలస్యంగా, ఏడేళ్ళకి వెళ్ళింది. కాలికి ఇనప కడ్డీల కాలిపర్ ఉండేది. పన్నెండేళ్ళు వచ్చేసరికి అది లేకుండా నడిచింది. నడక రాగానే ఆటలకి దిగింది. హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడేది. కోచ్ గ్రే గారు ఆమెకి దోమ అని ముద్దుపేరు పెట్టారు. కోర్టంతా అంత చురుగ్గా తిరిగేదంట.

టెన్నెస్సీ స్టేట్ కాలేజీ కోచ్ ఎడ్ టెంపుల్ గారు ఆమె ఆట చూసి, వేసవి సెలవుల్లో పరుగు నేర్చుకోవడానికి రమ్మన్నారు. అప్పుడు ఆమెకి పద్నాలుగేళ్ళు. ఇప్పుడు నా వయసు! 1956లో, పదహారేళ్ళకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళింది. 200 మీటర్లలో మొదట్లోనే ఓడిపోయింది. రిలేలో మాత్రం కంచు పతకం వచ్చింది. ఇంకో నాలుగేళ్ళు సాధన చేసింది.

1960లో రోమ్ ఒలింపిక్స్. మన మిల్ఖా సింగ్ గారు నాలుగో స్థానంలో వచ్చింది కూడా ఆ పోటీల్లోనే. విల్మా 100 మీటర్లు 11 సెకన్లలో పరిగెత్తింది. వెనక నుంచి గాలి ఎక్కువగా తోసిందని రికార్డు లెక్కలోకి తీసుకోలేదు. బంగారు పతకం మాత్రం ఆమెదే. 200 మీటర్లలోనూ బంగారమే. రిలేలో కర్ర అందుకునేటప్పుడు తడబడింది, చెయ్యి జారిపోయేదే. జర్మనీ అమ్మాయి ముందుకెళ్ళిపోయింది. విల్మా వెంటపడి, దాటేసి గెలిచింది. ఒకే ఒలింపిక్స్‌లో అథ్లెటిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచిన మొదటి అమెరికా మహిళ ఈమే.

తిరిగి వస్తుంటే ఊళ్ళో పెద్ద ఊరేగింపు పెట్టారు. నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళనీ విడదీసి జరిపితే తాను రానంది విల్మా. పెద్దవాళ్ళు ఒప్పుకోక తప్పలేదు. క్లార్క్స్‌విల్‌లో అందరూ కలిసి జరుపుకున్న మొదటి కార్యక్రమం అదే. నా మట్టుకు, ఇది మూడు పతకాల కంటే పెద్దది. పతకం ఒక్కరి మెడలో ఉంటుంది, ఆ రోజు మాత్రం ఊరంతా ఒకే చోట కూర్చుని తిన్నారు.

1962లో పరుగు మానేసింది. 1963లో డిగ్రీ పూర్తిచేసి, తాను చిన్నప్పుడు చదివిన బడిలోనే టీచరుగా చేరింది. 1981లో పేద పిల్లలకి ఆటలు నేర్పించడానికి ఒక సంస్థ పెట్టింది.

1994లో వాళ్ళమ్మ బ్లాంచ్ గారు చనిపోయారు. కొద్ది రోజులకే విల్మాకి మెదడులో క్యాన్సర్ అని తెలిసింది. అదే సంవత్సరం నవంబర్ 12న, 54 ఏళ్ళకి ఆమె కూడా చనిపోయింది. ఆ రాష్ట్రమంతా జెండాలు సగానికి దించారు. ఇప్పుడు క్లార్క్స్‌విల్‌లో ఒక పెద్ద రోడ్డుకి ఆమె పేరే ఉంది.