ఒంటిచేతి అన్వేషకుడు : జాన్ వెస్లీ పవెల్

అమెరికా సంయుక్త రాష్ట్రముల నైఋతి భాగమున వానలు మిక్కిలి తక్కువగా కురియు పీఠభూమి కలదు. అచట ఎఱ్ఱని కొండలును, ఇసుకరాతి గుట్టలును, బీడు నేలలును తప్ప పచ్చదనము అరుదు. ఈ ఎడారిని చీల్చుకొని కొలరాడో నది ప్రవహించుచున్నది. లక్షల సంవత్సరములుగా ఆ నది రాతిని కోసికొనుచు లోతైన గండ్లను ఏర్పఱచినది. వానిలో పెద్దది గ్రాండ్ కాన్యన్. దాని పొడవు సుమారు 446 కిలోమీటర్లు. కొన్నిచోట్ల దాని లోతు ఒకటిన్నర కిలోమీటరునకు మించును. అచటి ఆదివాసులకు ఆ ప్రాంతము పూర్వమునుండి తెలిసినదే. కాని 1869వ సంవత్సరము వఱకు భూగోళ పటములపై ఆ గండ్లలో అధికభాగము ఖాళీగానే యుండెను. ఆ ఖాళీని పూరింప సాహసించినవాడు ఒక్క చేయి మాత్రమే కలిగిన ఉపాధ్యాయుడు.

జాన్ వెస్లీ పవెల్ 1834వ సంవత్సరము మార్చి 24వ తేదీన న్యూయార్క్ రాష్ట్రములోని మౌంట్ మారిస్ అను ఊర జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. బానిసత్వమును నిర్భయముగా ఖండించువాడు. ఆ కుటుంబము ఒహాయో రాష్ట్రమున నివసించుచుండగా, తండ్రి అభిప్రాయములు గిట్టనివారి పిల్లలు పవెల్‌ను బడిలో రాళ్ళతో కొట్టి బాధించిరి. అందుచే అతడు బడి మాని, పొరుగున నున్న ఒక ప్రకృతిశాస్త్ర ప్రియుని యొద్ద చదువుకొనెను. ఆ గురువు పుస్తకములతో పాటు రాళ్ళను, చెట్లను, జంతువులను చూపి బోధించెడివాడు. స్వయముగా చూచి తెలిసికొనుట నాటినుండి పవెల్‌కు అలవాటయ్యెను. యువకుడై బడిపంతులుగా పనిచేయుచు, తీరిక దొరకినపుడెల్ల పెద్ద నదులపై పడవ నడుపుకొనుచు నత్తగుల్లలను సేకరించెడివాడు.

1861లో అంతర్యుద్ధము ప్రారంభము కాగా అతడు ఉత్తర రాష్ట్రముల సైన్యమున చేరెను. 1862 ఏప్రిల్ 6వ తేదీన షైలో యుద్ధమున ఒక గుండు అతని కుడిచేతికి తగిలెను. వైద్యులు మోచేతి దిగువ భాగమును తీసివేసిరి. గాయము మానిన పిదప అతడు మరల యుద్ధరంగమునకు పోయి మేజరు పదవి నందెను. యుద్ధానంతరము ఇల్లినాయిస్ రాష్ట్రమున భూగర్భశాస్త్రమును బోధించుచు, విద్యార్థులను వెంటబెట్టుకొని పశ్చిమ పర్వతములకు పోయెను. అచటనే కొలరాడో గండ్లను ఆదినుండి తుదివఱకు చూడవలెనను సంకల్పము అతనికి కలిగెను.

1869 మే 24వ తేదీన పవెల్ తొమ్మండుగురు అనుచరులతో వయోమింగ్ ప్రాంతమున గ్రీన్ నదిపై ప్రయాణము ప్రారంభించెను. ఈ నది దక్షిణముగా ప్రవహించి కొలరాడోలో కలియును. అనుచరులలో వేటగాండ్రును, మాజీ సైనికులును, పవెల్ తమ్ముడు వాల్టరును ఉండిరి. నాలుగు పడవలలో పది నెలలకు సరిపడు ఆహారమును, ఎత్తులను లెక్కించుటకు బారోమీటరులను ఎక్కించుకొనిరి. పవెల్ తెడ్డు వేయలేడు. అందుచే ముందు పడవలో నుండి నదిని పరీక్షించుచు, వెనుకవారికి జెండాతో సంజ్ఞలు చేయుచుండెను. నీరు బండలపై పడి సుళ్ళు తిరుగుచోట్ల పడవలను మోకులతో దింపిరి. అదియు సాధ్యము కానిచోట్ల సామానులను భుజములపై మోసికొనిపోయిరి.

జూన్ 9వ తేదీన లొడోర్ అను గండిలో ఆపద సంభవించెను. ఒక పడవ ఒడ్డు చేరజాలక వడిలో చిక్కి, బండకు కొట్టుకొని రెండు ముక్కలయ్యెను. అందున్న ఒరామెల్ హౌలండు, అతని తమ్ముడు సెనెకా హౌలండు, మఱియొకడు నదీమధ్యమున నున్న తిప్పను పట్టుకొని ప్రాణములు దక్కించుకొనిరి. ఆహారములో పెద్ద భాగము నీటిపాలయ్యెను. బారోమీటరులన్నియు ఆ పడవలోనే యుండుటచే పవెల్ మిక్కిలి చింతించెను. మఱునాడు ఇద్దఱు సాహసించి విరిగిన పడవను చేరి ఆనందముతో కేకలు వేసిరి. బారోమీటరులు దొరకినవని పవెల్ సంతోషించెను. అవి దొరకిన మాట నిజమే. కాని వారి కేకలకు కారణము వానితో పాటు దొరకిన సారా పీపాయి!

పవెల్ తీరములందలి కొండ లెక్కుట మానలేదు. ఒకనాడు నిలువుబండపై అతడు ముందునకు పోలేక, వెనుకకు దిగలేక, ఒంటిచేతితో రాతిని పట్టుకొని వ్రేలాడవలసి వచ్చెను. పైనున్న బ్రాడ్లీ అను అనుచరుని యొద్ద త్రాడు లేదు. అతడు వెంటనే తాను ధరించిన పొడుగు లోలాగును విప్పి క్రిందికి జాఱవిడిచెను. పవెల్ పట్టు వదలి, క్షణములో దానిని అందుకొని పైకి చేరెను.

ఎత్తైన యూయింటా పర్వతములను ఆ నది చుట్టి పోక నడుమ కోసికొని పోవుట పవెల్‌ను ఆలోచింపజేసెను. మన ఇండ్లలో కత్తిపీట కదలదు. కాయను దానిపైకి నొక్కగా కాయయే తెగును. అట్లే నది తన స్థానమున నుండగా నేల మెల్లమెల్లగా పైకి లేచి కోతపడినదని అతడు ఊహించెను. ఆ పర్వతముల విషయమున తరువాతి శాస్త్రజ్ఞులు ఈ ఊహను సవరించిరి. కాని ప్రవహించు నీరే దీర్ఘకాలమున కొండలను చెక్కునని అతడు చూపిన మార్గము నిలిచినది.

ఆగస్టు మొదట వారు గ్లెన్ కాన్యన్ చేరిరి. అచట ఒక ఇఱుకైన సందులో పోగా, కొండ గర్భమున విశాలమైన గుహ కనబడెను. దాని లోపలి చివర నిర్మలమైన నీటిమడుగు ఉండెను. వాల్టరు పాడిన పాట గుహ అంతటను ప్రతిధ్వనించెను. పవెల్ దానికి సంగీతాలయమని అర్థము వచ్చు పేరు పెట్టెను. హౌలండు సోదరులును, విలియం డన్ అను వేటగాడును తమ పేర్లను ఆ రాతిపై చెక్కిరి.

తరువాత గ్రాండ్ కాన్యన్‌లో కష్టములు హెచ్చెను. ఉప్పుమాంసము చెడిపోయెను. ముక్కిన పిండియు, కొన్ని ఎండు ఆపిలుముక్కలును, కాఫీయు మాత్రమే మిగిలెను. ఆగస్టు 27వ తేదీన అంతవఱకు చూచినవానికంటె భయంకరమైన వడి ఎదురయ్యెను. ముందుకు సాగిన మరణము తప్పదని హౌలండు సోదరులును డన్నును తలచిరి. నదిని విడిచి కొండ లెక్కి ఊళ్ళను చేరుదమని వారు కోరిరి. పవెల్ ఆ రాత్రి నిద్రపోలేదు. నక్షత్రములనుబట్టి తామున్న స్థానమును లెక్కించి, వర్జిన్ నదీసంగమము తిన్నని దారిని సుమారు 45 మైళ్ళే యున్నదని తెలిసికొనెను. అచట జనులుందురు. ఇసుకపై అటునిటు నడచుచు, తానును ప్రయాణము మానవలెనా యని చాలసేపు యోచించి, తుదకు సాగుటకే నిశ్చయించెను.

మఱునాడు ఇరుపక్షములవారును కన్నీటితో విడిపోయిరి. పరస్పరము ఎదుటివారే మృత్యుముఖమునకు పోవుచున్నారని తలచిరి. మిగిలిన ఆరుగురు రెండు పడవలలో ఆ వడిని దాటిరి. క్రింద ఆగి తుపాకులు పేల్చి, ఒడ్డున విడిచిన మూడవ పడవలో రమ్మని సూచించిరి. ఎవరును రాలేదు. ఆగస్టు 30వ తేదీన వర్జిన్ నదీసంగమమున వలలు లాగుచున్న మనుష్యులు వారికి కనబడిరి. నదిని విడిచిన మువ్వురును ఏ ఊరును చేరలేదు, దారిలో హతులైరి. 1870లో పవెల్ ఆ ప్రాంతపు షివ్విట్సు జాతివారిని కలిసికొనెను. పొరపాటున, వేఱే నేరస్థులని భ్రమించి వారిని చంపితిమని ఆ జాతివారు చెప్పినట్లు అతడు వ్రాసెను. ఈ విషయమున చరిత్రకారులలో భేదాభిప్రాయములు కలవు. పవెల్ పగ పూనక, ఆ రాత్రి వారి నడుమనే నిద్రించెను.

1871-72లో అతడు మరల నదిపై పోయి పటములను సిద్ధము చేయించెను. 1881నుండి 1894వఱకు అమెరికా భూగర్భ పరిశోధనశాఖకు అధిపతిగా నుండెను. ఆదివాసుల భాషలను సేకరింపజేసెను. 1878లో ప్రకటించిన నివేదికలో, పశ్చిమమున వానలు చాలవనియు, నదుల నీటితో కొద్ది భూమియే సాగగుననియు స్పష్టముగా వ్రాసెను. 1893లో లాస్ ఏంజిల్స్‌లో జరిగిన నీటిపారుదల మహాసభలో ఈ మాటనే చెప్పగా, సభ్యులు అతనిని గేలిచేసిరి. అయినను అతడు లెక్కను మార్చి చెప్పలేదు. 1902 సెప్టెంబరు 23వ తేదీన పవెల్ మరణించెను.

1963లో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట వెనుక నీరు నిలువ మొదలిడెను. ఆ జలాశయమునకు పవెల్ పేరే పెట్టిరి. సంగీతాలయమును, అందు చెక్కిన మువ్వురి పేర్లును ఆ నీట మునిగెను. 2000వ సంవత్సరము తరువాతి కఱవులలో ఆ జలాశయపు మట్టము పలుమాఱులు మిక్కిలి తగ్గినది. నదిలోని నీటిని మించి ఆశపడరాదని పవెల్ చేసిన హెచ్చరికను అది జ్ఞప్తికి తెచ్చుచున్నది. వడిలోనికి పడవను నడుపుటకు ధైర్యము కావలెను. సభలో గేలిచేయువారి ఎదుట తాను కొలిచిన సత్యమును చెప్పుటకును ధైర్యము కావలెను. ఆ రెండును పవెల్‌లో కలవు.